ఆ ట్యాంకు గేమ్ అమెరికా నుంచి రాదు

ప్రశ్న: నాకు 39 ఏళ్లు, ఉండేది గుంటూరు. ఏడో తరగతిలో ఉండగా మా నాన్న టీవీకి పెట్టుకునే వీడియో గేమ్ కొనిచ్చారు. మొన్న ఇల్లు సర్దుతుంటే అటక మీద అది దొరికింది. రెండు రిమోట్లు, ఒక తుపాకీ, ఆరు క్యాసెట్లు ఉన్నాయి. ఎల్‌ఈడీ టీవీకి పెట్టి చూస్తే మారియో, కాంట్రా వస్తున్నాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ట్యాంకు గేమ్ మాత్రం రావడం లేదు. తుపాకీతో ఎంత కాల్చినా ఒక్క పిట్ట కూడా పడటం లేదు. అప్పటి నుంచి పాత గేములు సేకరించాలని కోరిక పుట్టింది. న్యూజెర్సీలో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి సంక్రాంతికి వస్తూ ‘అసలు నింటెండో తెస్తాలే’ అంటున్నాడు. ఇంకోపక్క హైదరాబాద్‌లో ఒకాయన చేతిలో పట్టుకుని ఆడే నింటెండో గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీ, ఒరిజినల్ పోకెమాన్ ఎమరాల్డ్‌తో కలిపి నాలుగు క్యాసెట్లు ఇస్తానంటున్నారు. బదులుగా నా పీఎస్2 (సోనీ ప్లేస్టేషన్ 2), దాని 14 డిస్కులు, పైన ఆరువేలు అడుగుతున్నారు. ఆ డిస్కుల్లో హనుమాన్ గేమ్, దేశీ అడ్డా కూడా ఉన్నాయి, అవి ఎవరూ ఆడరు కదా అని ఊరికే ఇచ్చేద్దామనుకుంటున్నాను. మా ఆవిడకు ఇదంతా ఇష్టం లేదు. ‘ముందుముందు రేటు పెరుగుతుంది, పెట్టుబడి అనుకో’ అని చెప్పాను. నేను చేస్తున్నది సరైనదేనా?

సమాధానం: ముందు మీ అన్నయ్యకు ఫోన్ చేసి, ఆ నింటెండో కొనొద్దని చెప్పండి. మిగతావి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఆయన డబ్బు కట్టేలోపు తెలియాలి.

మీరు చిన్నప్పుడు ఆడిన డబ్బాకీ అమెరికాలో అమ్మిన నింటెండోకీ చుట్టరికం ఉన్న మాట నిజమే, కానీ ఒకదాని క్యాసెట్ ఇంకోదాంట్లో పట్టదు. నింటెండో కంపెనీ 1983లో జపాన్‌లో ఫామికామ్ అనే యంత్రాన్ని తెచ్చింది. దాని రూపం మార్చి 1985లో అమెరికాలో ఎన్‌ఈఎస్ పేరుతో అమ్మింది. ఫామికామ్ క్యాసెట్‌కు 60 పిన్నులు, ఎన్‌ఈఎస్ క్యాసెట్‌కు 72. మన దగ్గర మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో దొరికిన టీవీ గేములు ఫామికామ్‌ను చూసి చేసిన నకళ్లు, అంటే 60 పిన్నుల కుటుంబం. మీ ఆరు క్యాసెట్లలో ఏదీ అమెరికా ఎన్‌ఈఎస్‌లోకి నేరుగా దిగదు. పిన్నుల తేడా సర్దే అడాప్టర్ దొరికినా, ఎన్‌ఈఎస్‌లో అనుమతి లేని క్యాసెట్లను అడ్డుకునే తాళం చిప్ ఒకటి ఉంటుంది.

అంతకన్నా పెద్ద మాట ఇంకోటుంది. మీ ట్యాంకు గేమ్ అసలు పేరు బాటిల్ సిటీ. నామ్‌కో సంస్థ 1985లో ఫామికామ్ కోసం చేసింది. అది అమెరికాలో ఎన్‌ఈఎస్ మీద విడుదలే కాలేదు. మన పిల్లలందరూ ఆడిన కార్ల గేమ్ రోడ్ ఫైటర్, సింహం మీద ఎక్కి నిప్పుల రింగుల్లోంచి దూకే సర్కస్ చార్లీ కూడా అక్కడి ఎన్‌ఈఎస్‌కు రాలేదు. న్యూజెర్సీలో మీ ఈడువాడికి ఈ మూడూ తెలిసే అవకాశం తక్కువ. గుంటూరులో మీరు పెరిగిన ఆటల లోకం జపాన్ నుంచి, తైవాన్ చిప్‌ల మీదుగా మన దాకా వచ్చింది. దాన్ని సేకరించాలంటే ఆ దారినే వెనక్కి వెళ్లాలి. అమెరికా కలెక్టర్ల జాబితాలు చూసి వాళ్ల బాల్యాన్ని మీరు డబ్బుపెట్టి కొనుక్కోనక్కర్లేదు.

కరెంటు సంగతి కూడా ఉంది. ఎన్‌ఈఎస్‌తో వచ్చే అడాప్టర్ 120 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది.

మీకు అసలైన యంత్రమే కావాలంటే నేను చెప్పేది ఏవీ ఫామికామ్. 1993లో నింటెండో తెచ్చిన రెండో రూపం ఇది. మొదటి ఫామికామ్ సిగ్నల్‌ను జపాన్ టీవీ ఛానళ్ల మీదే పంపుతుంది, మన టీవీల్లో దాన్ని పట్టుకోవడం తలనొప్పి. ఏవీ ఫామికామ్‌లో పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు పెట్టుకోవచ్చు. మీ పాత క్యాసెట్లు చాలావరకు ఇందులో ఆడతాయి. బొమ్మ సిగ్నల్ జపాన్, అమెరికాల్లో వాడిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిది, ఇప్పటి టీవీలు మామూలుగానే తీసుకుంటాయి, మన దగ్గరి పాల్ పద్ధతిలో చేసిన బాగా పాత టీవీల్లో మాత్రం నలుపు తెలుపుగా వస్తుంది. దీనికి 10 వోల్టుల డీసీ అడాప్టర్ కావాలి, అదీ మధ్య పిన్ను నెగెటివ్‌గా ఉండేది. మన ఇళ్లలో వైఫై రౌటర్లకు వాడే అడాప్టర్లలో సాధారణంగా మధ్య పిన్ను పాజిటివ్. సరిగ్గా పట్టింది కదా అని ఏదో ఒకటి గుచ్చారంటే యంత్రం దెబ్బతినొచ్చు. అడాప్టర్ మీదుండే చిన్న గుండ్రాల బొమ్మ చూసి, మల్టీమీటర్‌తో సరిచూసుకున్నాకే పెట్టండి.

జపాన్‌లో పాత ఆటలు కొనడం తేలిక. టోక్యోలోని అకిహబారాలో సూపర్ పొటాటో లాంటి ప్రత్యేక దుకాణాలున్నాయి. ఊరూరా ఉండే హార్డ్ ఆఫ్, బుక్ ఆఫ్ లాంటి సెకండ్‌హ్యాండ్ షాపుల్లో ఇంకా నయంగా దొరుకుతాయి. టోక్యోలో ఉద్యోగం చేసే మనవాళ్లు ఎవరైనా సెలవులకు వస్తుంటే చెప్పి తెప్పించుకోండి. కొరియర్‌లో అయితే కస్టమ్స్ సుంకం, దాని మీద కొరియర్ వాళ్ల ఛార్జీలు కలిపి వస్తువు ధరకు దగ్గర దగ్గరగా తేలిన సందర్భాలూ ఉంటాయి.

ఒక్కటి ముందే చెప్పాలి. మీ పాత డబ్బా పాల్ పద్ధతిది అయితే సెకనుకు 50 బొమ్మలు చూపిస్తుంది. జపాన్ యంత్రం 60 చూపిస్తుంది. ఆట ఆ బొమ్మల లెక్కనే నడుస్తుంది కాబట్టి అసలు ఫామికామ్‌లో మారియో మీకు గుర్తున్నదానికన్నా ఐదో వంతు వేగంగా పరిగెడతాడు, పాట కూడా అంతే. మొదటి రోజు గుంతల్లో పడి లైఫ్‌లన్నీ పోతాయి. మీ చేతివాటం తగ్గిందని దిగులుపడకండి.

అందుకే మీ అటక మీది డబ్బాను నకలు కదా అని తీసిపారేయొద్దు. మీ చేతులు నేర్చుకున్న వేగం దానిదే. మన దేశంలో ఆ తరం పిల్లలు ఆడింది వాటి మీదే. వాటి అట్టపెట్టెలు, కాగితాలు, స్టిక్కర్లు దాచినవాళ్లు చాలా తక్కువ, ఎప్పుడో పాత సామాన్లవాడికి వేసేశారు. మీ నాన్నగారు కొన్నప్పటి పెట్టె గానీ, బిల్లు గానీ ఇంట్లో ఎక్కడైనా ఉందేమో వెతకండి. సేకరణ దాంతోనే మొదలుపెట్టండి.

ఇక ట్యాంకు గేమ్ క్యాసెట్. అది పాడైపోయిందని అప్పుడే అనుకోకండి, చాలాసార్లు రోగం పిన్నుల మీది మురికే. మనం అందరం చేసిన పని నోటితో ఊదడం. ఊదితే వచ్చేది అనిపించేది గానీ, నిజంగా పని చేసింది క్యాసెట్‌ను తీసి మళ్లీ పెట్టడం. అలా పెట్టినప్పుడు పిన్నులు కొత్తగా ఆనుకుంటాయి. నోటి తడి మాత్రం లోహం మీద ఉండిపోయి మెల్లగా తినేస్తుంది. మొబైల్ రిపేరు షాపుల్లో వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) లిక్విడ్ చిన్న సీసా, చెవి బడ్స్ తెచ్చుకోండి. బడ్‌ను కొంచెం తడిపి పిన్నుల మీద నిలువుగా, పిన్ను పొడవునా రుద్దండి. మొదటి బడ్ నల్లగా వస్తుంది, రెండోది బూడిదరంగులో వస్తుంది. తెల్లగా వచ్చేదాకా మారుస్తూ పోండి, రెండు వైపులా. ఆరాక పెట్టి చూడండి. గరుకు కాగితం మాత్రం వాడొద్దు, పైపూత లేచిపోతే మళ్లీ రాదు.

అయినా రాకపోతే క్యాసెట్ విప్పండి. లోపల చూసి ఆశ్చర్యపోతారు. అంత పెద్ద ప్లాస్టిక్ డొప్పలో చిన్న పచ్చ బోర్డు ఒక మూల ఉంటుంది, మిగతాదంతా ఖాళీ. ఆ బోర్డు మీద కాళ్లున్న చిప్ బదులు చాలా క్యాసెట్లలో గుండ్రంగా, నల్లగా, గట్టిపడిన బంకబొట్టు కనిపిస్తుంది. చిప్‌ను నేరుగా బోర్డు మీద అతికించి పైన ఆ బంక పోస్తారు, ఖర్చు తగ్గుతుందని. బొట్టు పగిలి ఉంటే ఆ క్యాసెట్‌ను ఎవరూ బాగుచేయలేరు. వైరు ఊడి ఉంటే మాత్రం ఏ టీవీ మెకానిక్ అయినా సోల్డరింగ్ పెట్టి ఇస్తాడు. ఈ నల్లబొట్టును బాగా గుర్తుపెట్టుకోండి, హైదరాబాద్ ఆయన దగ్గర పనికొస్తుంది.

తుపాకీ సంగతి చాలామంది అడుగుతారు. దాంట్లో లోపం లేకపోవచ్చు, ఇబ్బంది మీ టీవీతో. ఆ తుపాకీ దేన్నీ కాల్చదు, చూస్తుంది. మీరు ట్రిగ్గర్ నొక్కగానే ఆట ఒక్క క్షణం తెర మొత్తాన్ని నల్లగా చేస్తుంది. వెంటనే పిట్ట ఉన్నచోట తెల్ల చతురస్రం గీస్తుంది. రెండు పిట్టలుంటే ఒకదాని తర్వాత ఒకటి. గొట్టంలో ఉన్న కాంతి సెన్సర్‌కు ఆ తెలుపు తగిలిందా, ఎప్పుడు తగిలిందన్న దాన్నిబట్టి ఏ పిట్ట పడిందో తేలుతుంది. ఇదంతా సెకనులో ఎన్నో వంతులో జరిగిపోతుంది. పాత డబ్బా టీవీల్లో సిగ్నల్ అందిన మరుక్షణమే తెర మీద గీత వెలుగుతుంది. ఎల్‌ఈడీ టీవీ బొమ్మను ముందు లోపల సవరించుకుని, కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. తెల్ల చతురస్రం వెలిగేసరికి ఆట లెక్క ముగించేసి ఉంటుంది. పైగా ఆ తుపాకులను డబ్బా టీవీ వెలుగులో ఉండే మినుకుకు తగ్గట్టు చేశారు, ఎల్‌ఈడీ వెలుగు వాటికి అర్థం కాదు.

కాబట్టి 14 అంగుళాలదో, 21 అంగుళాలదో డబ్బా టీవీ ఒకటి సంపాదించండి. ఆ రంగు వైర్లు పెట్టుకునే ఏవీ సాకెట్ ఉండాలి. చుట్టాల ఇళ్లలో మూలపడి ఉంటాయి, తీసుకెళ్తే చాలంటారు. హైదరాబాద్ వెళ్లినప్పుడు ఎర్రగడ్డ ఆదివారం సంతలో కూడా చూడండి, ఆన్ చేసి చూపిస్తేనే డబ్బివ్వండి. వెనక మూత మాత్రం మీరు తీయొద్దు. ప్లగ్గు పీకేసినా పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టుల కరెంటు నిలిచి ఉండొచ్చు. ఆ పని టీవీ మెకానిక్‌కే వదిలేయండి.

హైదరాబాద్ బేరం దగ్గరికి వద్దాం. ఉన్నపళంగా ఒప్పుకోవద్దు. అసలు మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది ఆ రెండు డిస్కులను ఊరికే ఇచ్చేద్దామన్న మాట. హనుమాన్: బాయ్ వారియర్ 2009లో వచ్చింది, చేసింది హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్. పూర్తిగా మన దేశంలో తయారైన తొలి పీఎస్2 ఆటగా దానికి పేరు. అదే ఏడాది వచ్చిన దేశీ అడ్డా కూడా హైదరాబాద్ సంస్థ గేమ్‌శాస్త్ర చేసిందే, అందులో కబడ్డీ, గిల్లీదండా, గాలిపటాలు ఉన్నాయి. ఆటలుగా చూస్తే రెండూ గొప్పగా ఉండవు, నేనూ ఒప్పుకుంటాను. కానీ పీఎస్2 లాంటి యంత్రానికి మన ఊళ్లో కూర్చుని మన కుర్రాళ్లు చేసిన ఆటలవి. కవరు, లోపలి పుస్తకంతో సహా దాచండి. ఫామికామ్ జపాన్ వాళ్లది, ఎన్‌ఈఎస్ అమెరికా వాళ్లది అనుకుంటే, తెలుగు సేకరణకర్త అలమరలో మొదటి వరసలో ఉండాల్సినవి ఇవి. ఎవరికీ ఇవ్వొద్దు.

మిగతా పన్నెండు డిస్కుల్ని వెలుతురులో తిప్పి చూడండి. ఒరిజినల్ పీఎస్2 డిస్కుల అడుగు వెండిరంగులో ఉంటుంది, కొన్ని పాతవి నీలంగా ఉంటాయి, లోపలి రింగు దగ్గర ఫ్యాక్టరీ అచ్చు కోడ్ చక్కగా కనిపిస్తుంది. అడుగు ఊదారంగులోకి మెరుస్తూ, పైన మార్కర్‌తో రాసో, స్టిక్కర్ అంటించో ఉంటే అవి రాసిన కాపీలు. కాపీ డిస్కులను ఒరిజినల్ లెక్కలో అమ్మొద్దు, ముందే చెప్పేయండి. ఎదుటివాళ్ల నుంచి మీరు అడగబోయే నిజాయితీ ఇదే.

ఇప్పుడు ఎమరాల్డ్. పాత ఆటల మార్కెట్‌లో నకళ్లు కుప్పలుగా ఉన్నవాటిలో ఇదొకటి. ఆయన్ని నాలుగు ఫొటోలు అడగండి: ముందు, వెనక, పిన్నుల వైపు దగ్గరగా, మూత తీసి బోర్డు. అసలు ఎమరాల్డ్ డొప్ప లోపలి బోర్డు కనిపించేలాంటి పచ్చ ప్లాస్టిక్. అమెరికాది అయితే లేబుల్ మీద ఏజీబీ-బీపీఈఈ-యూఎస్‌ఏ అనే కోడ్ ఉంటుంది, కానీ నకిలీవాళ్లు దాన్ని కూడా అచ్చువేస్తారు కాబట్టి అది ఒక్కటీ చాలదు. లేబుల్‌ను ఏటవాలుగా వెలుతురులో పెడితే, రంగు లేకుండా నొక్కి అచ్చువేసిన చిన్న అంకెలు కనిపించాలి. పిన్నులకు కాస్త పైన, బోర్డు అంచున నింటెండో పేరు సన్నటి అక్షరాల్లో ఉండాలి. లోపల కాళ్లున్న చిప్‌లు, ఒక బిళ్ల బ్యాటరీ ఉండాలి. మీ ట్యాంకు గేమ్‌లో చూసిన నల్ల బంకబొట్టు ఇక్కడ కనిపిస్తే ఇక మాట్లాడక్కర్లేదు, అది నకలు. మూత విప్పడానికి మూడు రెక్కల స్క్రూడ్రైవర్ కావాలి, ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది. గేమ్‌లు అమ్మే వ్యక్తి దగ్గర అది లేదంటే నాకు నమ్మకం కుదరదు.

ఆట మొదలవగానే లోపలి బ్యాటరీ అయిపోయిందని మెసేజ్ వస్తే భయపడొద్దు. 2005 నాటి క్యాసెట్‌లో అది సహజం. ఎమరాల్డ్‌లో ఆ బిళ్ల గడియారం కోసమే, సేవ్ దాని మీద ఆధారపడదు. అంతకు ముందుతరం గేమ్‌బాయ్ పోకెమాన్ క్యాసెట్లలో మాత్రం సేవ్ ఆ బిళ్ల మీదే నిలుస్తుంది, బ్యాటరీ పోతే ఎవరో పిల్లవాడు ఏళ్ల తరబడి పెంచుకున్న పోకెమాన్‌లన్నీ దాంతోపాటే పోతాయి. ఎమరాల్డ్‌ను చేతికి తీసుకున్నప్పుడు ఆడి సేవ్ చేసి, ఆఫ్ చేసి, క్యాసెట్ బయటకు తీసి, కాసేపాగి మళ్లీ పెట్టి చూడండి. నకళ్లు చాలా ఇక్కడే దొరికిపోతాయి. ఎస్‌పీ వెనక లేబుల్ మీద ఏజీఎస్-001 ఉందో ఏజీఎస్-101 ఉందో చూడండి. 101కి తెర వెలుగు బాగుంటుంది, ధరా ఎక్కువే. బ్యాటరీ ఉబ్బి ఉందేమో కూడా మూత తీసి చూడాలి.

ఇవన్నీ సరిపోతే, పీఎస్2తోపాటు హనుమాన్, దేశీ అడ్డా తీసేసి మిగతా డిస్కులు ఇచ్చి, పైన డబ్బు తగ్గించి మాట్లాడండి. పీఎస్2లు ప్రపంచంలో 15 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి, అరుదైనదేమీ కాదు, కాబట్టి మీరూ మరీ బిగుసుకోవద్దు. మనిషిని కలిసి, రెండు యంత్రాలూ ఆన్ చేసి చూసుకుని మార్చుకోవడం మేలు. గుంటూరు నుంచి హైదరాబాద్ ఏం దూరం? పోస్టులోనే అంటే, ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి, క్యాసెట్ పెట్టడం నుంచి ఆట మొదలయ్యేదాకా కట్ లేకుండా తీసిన వీడియో అడగండి. డబ్బు పంపుతామంటూ ఎవరైనా క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ను కొట్టమంటే అక్కడితో ఆపేయండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ను ఎప్పుడూ అక్కర్లేదు.

మీ శ్రీమతికి చెప్పిన పెట్టుబడి మాట మాత్రం వెనక్కి తీసుకోండి. 2021లో సీలు తీయని సూపర్ మారియో 64 ఒకటి అమెరికా వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లు పలికింది. ఆ వార్త చూసి ఎంతోమంది మీలాగే అనుకున్నారు. ఆ ధర పలికింది సీలు విప్పకుండా, గ్రేడింగ్ (నాణ్యతకు మార్కులు) చేయించి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించిన కాపీకి. వాడిన క్యాసెట్ కథ వేరు. మొదటి సూపర్ మారియో బ్రదర్స్ 4 కోట్ల కాపీలకు పైగా అమ్ముడైంది, అది ఎవరికీ లక్షలు తెచ్చిపెట్టదు. మన దగ్గర కొనేవాళ్లు కొద్దిమంది, అర్జెంటుగా డబ్బు అవసరమై అమ్మాలంటే చెప్పిన రేటుకు తీసుకోక తప్పదు. ఇంట్లో ఇలా చెప్పండి: ఇది నా సరదా, నెలకు ఇంత దాటను, ఆ డబ్బు తిరిగిరాదనే అనుకుందాం. ఆ ‘ఇంత’ ఎంతో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఆవిడ అభ్యంతరం మీ ఆటల మీద కాకపోవచ్చు, పెట్టుబడి అన్న మాట నమ్మకపోయి ఉండొచ్చు. ఆ విషయంలో ఆవిడదే సరైన లెక్క.

కాంట్రా ఆడుకుంటే చాలనుకుంటే మరీ చవకైన దారి ఉంది. కొనామీ 2019లో పాత కాంట్రా ఆటలు కొన్నిటిని కలిపి ఒక సంకలనంగా కంప్యూటర్‌కూ కొత్త కన్సోళ్లకూ అమ్మకానికి పెట్టింది. నాలుగు వారాలు అది ఆడి చూడండి. అప్పటికీ ఆ డబ్బా, ఆ క్యాసెట్ చేతిలో పట్టుకోవాలనే ఉంటే, అప్పుడు కొనడం మొదలుపెట్టండి.

అన్నయ్య మనసు నొప్పించకుండా ఆయనకు వేరే పని అప్పజెప్పండి. అమెరికాలో గేమ్‌బాయ్ క్యాసెట్లు మన దగ్గరికన్నా తేలిగ్గా దొరుకుతాయి. బరువుండవు, దేశాన్ని బట్టి తాళం లేదు కాబట్టి ఏ దేశంలో కొన్నవైనా మీ ఎస్‌పీలో ఆడతాయి. ఎస్‌పీ బేరం కుదిరాకే ఏవి కావాలో చెప్పండి. దాంతోపాటు పాత గేమ్‌బాయ్ క్యాసెట్లు విప్పే 3.8 మిల్లీమీటర్ల స్క్రూడ్రైవర్ బిట్ ఒకటి తెమ్మనండి.